మా బావమరిది కిడ్నీ అమ్ముకుంటానంటున్నాడు, ఏం చెప్పి ఆపాలి?

గీసుగొండ:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నా. మా ఆవిడ తమ్ముడు, 29 ఏళ్లు, నర్సంపేట దగ్గర మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు ఎట్లా ముడుచుకుపోయాయో ఈ దిక్కు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఏడు చేసిన అప్పు ఇంకా తీరలేదు. నూటికి మూడు రూపాయల మిత్తి, మధ్యలో పాప పుట్టినప్పుడు ఆపరేషన్ ఖర్చు, ఆ తర్వాత మిర్చి రేటు పడిపోవడం, అన్నీ కలిపి ఇప్పుడు ఆరు లక్షల నలభై వేలు అయింది.

మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ ఛార్జింగ్ పెట్టి స్నానానికి పోయాడు. స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. "బ్రదర్, ఓ పాజిటివ్ కన్ఫర్మ్ కదా? పాస్‌పోర్ట్ ఉందా?" అని. బయటికి వచ్చాక అడిగితే ముందు నసిగాడు, తర్వాత చెప్పేశాడు. 30 లక్షలు ఇస్తారట, ముందుగా రిజిస్ట్రేషన్, టెస్టుల కింద 18 వేలు కట్టాలట. "ఒక్క కిడ్నీతో కూడా బతుకుతారు బావా, దేవుడు రెండిచ్చింది అందుకేనేమో" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాళ్ల ఇంటావిడకు ఇంకా తెలియదు. నేనేం చెప్పినా "అప్పు నువ్వు కడతావా బావా?" అంటాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాజీపేట జంక్షన్:
అన్నా, మొదట ఆ 18 వేలు కట్టనివ్వకండి. నేను కోర్టులో జూనియర్‌గా పనిచేస్తాను, ఇలాంటివి చూశాను. ఇందులో రెండు రకాల వాళ్లుంటారు. ఒకడు అసలు కిడ్నీ కొనేవాడే కాదు, ఫీజు మీద ఫీజు గుంజి మాయమయ్యేవాడు. 2022లో గుంటూరు అమ్మాయి ఒకామె, నర్సింగ్ విద్యార్థిని, కిడ్నీకి 3 కోట్లు ఇస్తామన్న మాట నమ్మి 16 లక్షలు పోగొట్టుకుంది. అది వాళ్ల నాన్న ఖాతాలో డబ్బు. ముందు డబ్బు అడిగాడంటే వాడు ఈ రకమే అయ్యుండొచ్చు. ఒకవేళ ఇప్పటికే కట్టి ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

రెండో రకం నిజంగా కోయించేవాడు. వాడు ఇంకా ప్రమాదం. పాస్‌పోర్ట్ అడిగాడంటే నాకు భయంగా ఉంది.

చట్టం సంగతి కూడా అబ్బాయికి చెప్పండి. 1994 నాటి కేంద్ర చట్టం అవయవాల అమ్మకాన్ని నేరం చేసింది, 2011 సవరణతో శిక్ష 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా అయింది. అది బ్రోకర్‌కు మాత్రమే కాదు, డబ్బు ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ వర్తిస్తుంది. మన దగ్గర చాలాకాలం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి 1995 చట్టమే నడిచింది. 2025 జనవరిలో సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో దొంగచాటుగా కిడ్నీ మార్పిడులు చేస్తూ దొరికిపోయిన కేసు గుర్తుందా? ఒక్కో పేషెంట్ దగ్గర 50 లక్షలకు పైనే తీసుకున్నారని అప్పుడు వార్తల్లో వచ్చింది. ఆ తర్వాత మార్చిలో మన అసెంబ్లీ కేంద్ర చట్టాన్ని ఇక్కడ కూడా అమలు చేయాలని తీర్మానం చేసింది.

జమ్మికుంట పత్తి:
మా చుట్టాల గ్రూపులో వారం నుంచి ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది, మత్తుమందు చల్లి ఎత్తుకుపోయి కిడ్నీలు తీసేసే ముఠా దిగిందని. ఇది కూడా వాళ్ల పనేనా? పిల్లలను బడికి పంపాలంటే టెన్షన్‌గా ఉంది.

డయాలసిస్ టెక్_కరీంనగర్:
ఆ మెసేజ్ దయచేసి ఎవరికీ పంపకండి. 2018 మేలో ఇలాంటి మెసేజ్‌ల వల్లే మన తెలంగాణలో, నిజామాబాద్ జిల్లా దిక్కు కూడా, ముక్కూమొహం తెలియని అమాయకులను కొట్టి చంపారు.

రోడ్డు మీద పోయేవాడి కిడ్నీ తీసి ఇంకొకరికి పెట్టడం కుదరదు. బ్లడ్ గ్రూప్ కలవాలి, ఇద్దరి కణజాలం ఎంత కలుస్తుందో చూసే టిష్యూ టైపింగ్ చేయాలి, ఇద్దరి రక్తం కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ నెగెటివ్ రావాలి, దాతకు సీటీ యాంజియోగ్రామ్ తీసి ఒక్కో కిడ్నీకి రక్తనాళాలు ఎన్ని ఉన్నాయో చూడాలి. ఇద్దరికీ పక్కపక్కనే థియేటర్లు, మత్తు డాక్టర్లు, సర్జన్లు, ఐసీయూ కావాలి. కిడ్నీని బయటికి తీశాక ఐస్‌లో పెట్టినా ఒక రోజు, మహా అయితే రోజున్నర. అందుకే ఈ వ్యాపారం చీకటి గదిలో జరగదు, లైట్లున్న ఆపరేషన్ థియేటర్‌లో, సంతకాలున్న కాగితాల మీద జరుగుతుంది. ఎత్తుకుపోయేవాడు రాడు. మంచిగా మాట్లాడుతూ, తమ్మీ అంటూ, అప్పుల్లో ఉన్నవాడి దగ్గరికి వస్తాడు. గీసుగొండ అన్న బావమరిదికి వచ్చిన మెసేజ్ అదే.

మంచిర్యాల:
నా మాట చేదుగా ఉంటుంది, అయినా చెప్తా. మా పెద్దనాన్న డయాలసిస్ మీద మూడేళ్లు నరకం చూసి పోయాడు. ఒకడికి కిడ్నీ కావాలి, ఇంకొకడికి డబ్బు కావాలి, మధ్యలో ప్రభుత్వం ఎందుకు అడ్డం? ఇరాన్‌లో 1988 నుంచి డబ్బు తీసుకుని కిడ్నీ ఇవ్వడం చట్టబద్ధమే. మన దగ్గర కూడా ప్రభుత్వమే రేటు కట్టి, ఆపరేషన్ మంచి ఆస్పత్రిలో చేయించి, ఇన్సూరెన్స్ ఇస్తే బ్రోకర్ అనేవాడే ఉండడు కదా. పేదవాడు గనిలోకి దిగి ఊపిరితిత్తులు అమ్ముకోవడం లేదా? మా దిక్కు సింగరేణిలో తరాలుగా అదే చూస్తున్నాం. అప్పుడు ఎవరూ నేరం అనలేదు.

పరకాల టీచర్:
తమ్మీ, మీ పెద్దనాన్న గురించి విని బాధేసింది. మీ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నా మనసు మార్చింది చెన్నైలో జరిగిన ఒక సర్వే. 2001లో, కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి మాట్లాడారు, ఫలితాలు 2002లో అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్మారు. సగటున 1,410 డాలర్లు ఇస్తామని 1,070 ఇచ్చారు. ఆపరేషన్ అయి సగటున ఆరేళ్లు గడిచాక చూస్తే ఇంటి ఆదాయం మూడో వంతు పడిపోయింది, నూటికి 74 మందికి ఇంకా అప్పులు ఉన్నాయి. మీరైతే వేరేవాళ్లకు అమ్మమని చెప్తారా అని అడిగితే నూటికి 79 మంది చెప్పం అన్నారు. ఆ 305 మందిలో ఎక్కువ మంది ఆడవాళ్లు. ఎందుకమ్మా నువ్వు అంటే, మా ఆయన పనికి పోవాలి కదా, ఇంటికి ఆయనే ఆధారం అనేవాళ్లట.

ఇరాన్ గురించి ఒక మాట. అక్కడి దాత కిడ్నీని విదేశీయుడికి పెట్టకూడదని వాళ్ల నియమం. అంటే అది దేశం లోపలి ఏర్పాటే. అయినా ఏమైంది? 2024 మేలో కొచ్చి విమానాశ్రయంలో ఒక బ్రోకర్ దొరికాడు, మన వాళ్లను ఇరాన్‌కే తీసుకుపోయి కిడ్నీలు తీయిస్తున్నాడని కేసు. హైదరాబాద్ వాళ్లు కూడా ఉన్నారని విచారణలో బయటపడి కేసు ఎన్ఐఏ దాకా పోయింది. చట్టబద్ధమైన దుకాణం ఉన్నచోటే దొంగ దుకాణం కూడా తెరిచారు.

రేటు ఎవరు కడతారన్నది ఇంకో సంగతి. దక్షిణాఫ్రికాలో డర్బన్‌లో 2001 నుంచి 2003 మధ్య వందకు పైగా దొంగ మార్పిడులు జరిగాయి, 2010లో ఆస్పత్రి కంపెనీ కోర్టులో తప్పు ఒప్పుకుంది. మొదట్లో కిడ్నీ ఇచ్చిన ఇజ్రాయెల్ వాళ్లకు దాదాపు 20 వేల డాలర్లు ముట్టాయి. తర్వాత బ్రెజిల్, రుమేనియా పేదలు దొరికారు. రేటు దాదాపు 6 వేలకు దిగింది. కిడ్నీ అదే, ఆపరేషన్ అదే. ఇంకా పేదవాడు దొరికాడు, అంతే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో సరుకు ఎక్కువ వచ్చిన రోజు మన పత్తికి, మిర్చికి ఏమవుతుందో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

మంచిర్యాల:
మిర్చి మాట తగిలింది సార్. ఆలోచిస్తా. కానీ కిడ్నీ కోసం లైన్‌లో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

హన్మకొండ అక్క:
లైన్‌లో ఉన్నవాళ్ల మాట నేను చెప్తాను. మా ఆయన నాలుగేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. చేతి మీద ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, ఉంటుంది, దాని మీద చెవి పెడితే లోపల రక్తం హోరుమని వినిపిస్తుంది. రాత్రిపూట నేను చేయి వేసి చూస్తాను, ఆ హోరు ఉందంటే మిషన్ ఎక్కించడానికి దారి ఉన్నట్టు. రోజుకు ఒక లీటరు లోపే నీళ్లు, అందులోనే టీ, పప్పుచారు అన్నీ. మేలో దాహానికి తట్టుకోలేక ఐస్ ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. అది చూస్తే ఎవరి కాళ్లయినా పట్టుకోవాలనిపిస్తుంది.

రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రి బయట టీ కొట్టు దగ్గర ఒకతను పలకరించాడు. డోనర్ రెడీగా ఉంది మేడమ్, మొత్తం 35 లక్షలు, మీ చెల్లెలని కాగితాలు చేయిద్దాం అన్నాడు. మాకున్నది ఒక్క ప్లాటు. నేను ఒప్పుకున్నాను. దాచను, ఒప్పుకున్నాను. రెండు లక్షలు అడ్వాన్స్ కూడా ఇచ్చాను. ఆమెను ఒకసారి చూపించమన్నాను, చెల్లెలు అని చెప్పాలి కదా, ముఖమైనా తెలియాలి కదా అని. ఒక హోటల్ గదిలో చూపించారు. పాతికేళ్లుంటాయి. తమిళం తప్ప ఏమీ రాదు. చంకలో పాలు తాగే బిడ్డ. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వి, కుర్చీ ఖాళీ చేసి తను కింద కూర్చుంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన ఒకటే అన్నారు, "ఆ బిడ్డ తల్లి కిడ్నీ నా కడుపులో పెట్టుకుని నేను అన్నం ఎట్ల తినాలె?" అని. వద్దన్నాం. రెండు లక్షలు పోయాయి. పోతే పోయాయి.

ఇప్పుడు చనిపోయినవాళ్ల అవయవాలు వరసలో ఇచ్చే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఎదురుచూస్తున్నాం. నాది బి, ఆయనది ఓ, అందుకే నా కిడ్నీ ఆయనకు కుదరలేదు. మా లాంటి ఇంకో జంట దొరికితే ఇచ్చిపుచ్చుకోవచ్చట, అది చట్టప్రకారమే చేస్తారు. దానికి కూడా పేరిచ్చాం.

గీసుగొండ:
అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ కింద కూర్చున్న అమ్మాయి స్థానంలో నాకు మా వాడు కనిపించాడు.

కాజీపేట జంక్షన్:
అక్క చెప్పిన చెల్లెలు కాగితాల సంగతి అందరూ గమనించాలి. దగ్గరి బంధువు కాకపోతే ఆథరైజేషన్ కమిటీ ముందు కూర్చోవాలి, డబ్బు చేతులు మారలేదు, ప్రేమతోనే ఇస్తున్నానని వాళ్లు నమ్మాలి. అందుకే అందరూ బంధువుల వేషం వేస్తారు. దొంగ ఆధార్, దొంగ రేషన్ కార్డు, మార్ఫింగ్ చేసిన పెళ్లి ఫోటో. ప్రపంచమంతా ఇదే పద్ధతి. 2023లో లండన్ కోర్టు నైజీరియా మాజీ సెనేట్ ఉప సభాపతికి 9 ఏళ్ల 8 నెలల జైలు వేసింది. లాగోస్ వీధుల్లో సామాన్లు అమ్ముకునే కుర్రాడిని కూతురికి కజిన్ అని చెప్పి లండన్ ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టర్లకు అనుమానం వచ్చి ఒప్పుకోలేదు, చివరికి ఆ కుర్రాడే పోలీస్ స్టేషన్‌కు నడిచి పోయాడు. కమిటీలో అడగాల్సిన ప్రశ్న గట్టిగా అడిగే మనిషి ఒక్కరుంటే ఎంత తేడా వస్తుందో చూడండి.

ఎనుమాముల హమాలీ:
నేను ఇక్కడ చదువుతానే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. తప్పులుంటే మన్నించండి, నా బిడ్డతో టైప్ చేయిస్తున్నా. ఆమెకు కూడా ఇవాళే పూర్తిగా చెప్పిన.

నేను 2015లో కొలంబో పోయి కిడ్నీ ఇచ్చిన. అప్పుడు ఫేస్‌బుక్‌లో ఒకడు దొరికిండు. ఐదు లక్షలు అన్నడు. పాస్‌పోర్ట్ వాళ్లే చేయించిండ్రు, టూరిస్ట్ వీసా. అక్కడ ఒక ఇంట్లో మా లాంటోళ్లం నలుగురం, మూడు వారాలు. పేషెంట్‌ను బాబాయి అనాలె అని నేర్పిండ్రు. వాళ్ల ఊరు, వాళ్ల ఇంటి పేరు, వాళ్ల పిల్లల పేర్లు కాగితం మీద రాసిచ్చి బడి పిల్లగాండ్ల లెక్క బట్టీ పట్టించిండ్రు. నా అసలు బాబాయి చనిపోయి అప్పటికి ఏడాది. ఆ మాట అన్నప్పుడల్లా ఆయనే యాదికొచ్చేటోడు.

లేచేసరికి పక్కటెముకల కింద నుంచి బొడ్డు దిక్కు జానెడు కోత. ఐదో రోజు డిశ్చార్జ్, ఎనిమిదో రోజు విమానం. కుట్లు ఇక్కడ ఆర్‌ఎంపీ దగ్గర తీయించుకున్న, దెబ్బ తగిలిందని చెప్పి. రూములకు, టికెట్లకు, తిండికి అని పట్టుకుని చేతిలో మూడు లక్షల ఇరవై వేలు పెట్టిండ్రు. అడ్తిదారు అప్పు కట్టిన. రెండేళ్లకు మళ్లీ అంతే అప్పు అయింది, ఎందుకంటే అంతకుముందు మిర్చి బస్తా ఒక్కణ్ణే లేపేటోణ్ణి, తర్వాత లేపలేకపోయిన. కోత పెట్టిన దగ్గర లోపల గుంజుతది, చలికాలం ఇంకా ఎక్కువ. ఇప్పుడు మార్కెట్‌లో బస్తాలకు కుట్లు వేసే పని, ఊడ్చే పని చేస్తున్న. కూలి సగం. నాలుగేళ్ల నుంచి బీపీ గోలీ. కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చూసే రక్తపరీక్షల క్రియాటినిన్ 1.5 ఉందన్నరు, ఏడాదికోసారి చూపించుకోవాలట. ఆ సంగతి కోసినోళ్లు ఎవరూ చెప్పలే.

ఇంకో మాట. పైసలిచ్చిన రోజే అన్నరు, ఇంకొకణ్ణి తెస్తే 50 వేలు అని. ఆశ పడిన. ఒక దోస్తు పేరు నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. అదొక్కటే నాకు తృప్తి. తర్వాత 2016 జనవరిలో నల్లగొండ పోలీసులు కేసు పట్టుకున్నరు, శ్రీలంక వాళ్లు విదేశీయులకు మార్పిడులు ఆపేసిండ్రు. పేపర్ల చూసి వారం రోజులు అన్నం దిగలే.

గీసుగొండ తమ్మీ, నీ బావమరిదిని ఆదివారం తోలుకురా. మాటలతో ఆగడు. చూపిస్త.

డయాలసిస్ టెక్_కరీంనగర్:
అన్నా, మీకు, మీకు టైప్ చేసిచ్చిన బిడ్డకు దండం.

వైద్యం దిక్కు నుంచి ఒక్కటి కలుపుతా. ఒక్క కిడ్నీతో బతుకుతారన్నది అబద్ధం కాదు. తల్లి కొడుక్కి ఇస్తే, ముందు అన్ని టెస్టులూ చేసి, తర్వాత ఏటేటా చూసుకుంటే చాలామంది మామూలుగానే ఉంటారు. కానీ అమ్ముకున్నవాడికి ముందు సరిగ్గా చూసేవాళ్లు ఉండరు, తర్వాత చూసేవాళ్లు అసలే ఉండరు. మిరప తోటలో ఎండకు నీళ్లు తాగకుండా పనిచేసి, ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో నొప్పి గోలీలు కొనుక్కుని మింగే మనిషికి మిగిలిన ఆ ఒక్క కిడ్నీ ఎన్నాళ్లు ఆగుతుంది? నేపాల్‌లో హోక్సే అనే ఊరుంది, కిడ్నీల ఊరు అంటారు. అక్కడ బ్రోకర్లు కిడ్నీ మళ్లీ పెరుగుతుందని చెప్పి నమ్మించారు.

మంచిర్యాల తమ్ముడు అడిగిన లైన్ సంగతి. దారి బ్రెయిన్ డెడ్ దాతలే. నలుగురు డాక్టర్ల బృందం, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేస్తారు, వెంటిలేటర్ తీసి సొంతంగా ఊపిరి వస్తుందేమో చూస్తారు. 2023లో మన తెలంగాణలో 252 కుటుంబాలు ఇచ్చాయి, దేశంలో మనమే ముందు. 2021లో హైదరాబాద్ మెట్రో రైల్లో గుండెను తీసుకుపోయింది గుర్తుందా? అది ఒక రైతు గుండె. అయినా దేశం మొత్తం మీద 2023లో ఇలాంటి దాతలు 1,100 లోపే. యాక్సిడెంట్ అయి పిల్లగాడు పోయాడన్న దుఃఖంలో ఉన్న తల్లిదండ్రులను అడగడానికి చిన్న ఊళ్ల ఆస్పత్రుల్లో శిక్షణ ఉన్న మనిషి ఉండడు. నాకు కడుపుమంట అక్కడే. అడగక పోతున్న కిడ్నీలు ఒక పక్క, అప్పుకు కోయించుకునే కిడ్నీలు ఇంకో పక్క.

పరకాల టీచర్:
అప్పు సంగతి కూడా తేల్చాలి, లేకపోతే ఈ నంబర్ కాకపోతే ఇంకో నంబర్. చిన్న రైతులు, కూలీల ప్రైవేటు అప్పుల కోసం 2016లో మన రాష్ట్రంలో రుణ విమోచన కమిషన్ చట్టం వచ్చింది. కాజీపేట తమ్ముడు దరఖాస్తు రాసిపెడితే నేను వెంట వస్తాను. అసలు ఎంత, మిత్తి ఎంత అని ముందు ఒక నోట్‌బుక్‌లో రాయించండి. మా ఊళ్లో ఇద్దరికి కూర్చోబెట్టి లెక్క చూస్తే అసలు ఎప్పుడో తీరిపోయింది, కడుతున్నదంతా మిత్తి మీద మిత్తే.

కాజీపేట జంక్షన్:
రాసిస్తా సార్. ఫీజు ఏమీ వద్దు. ఆ నంబర్ నుంచి వచ్చిన మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేయనివ్వకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి.

గీసుగొండ:
ఆదివారం పోయొచ్చాం. పొద్దున ఆరింటికి మార్కెట్ గేటు దగ్గర కలిశాం, యార్డు సెలవు, ఎవరూ లేరు. అన్న టీ తాగించాడు, పంట గురించి, విత్తనాల గురించి అడిగాడు, అసలు విషయం ఎత్తనే లేదు. తర్వాత షెడ్డు కిందికి తీసుకుపోయి చొక్కా పైకెత్తాడు. పదేళ్లయినా మచ్చ నల్లగా, తాడు లాగా ఉబ్బి ఉంది. మా వాడి చేయి పట్టుకుని దాని మీద పెట్టి, "ఇక్కడ లోపల ఖాళీ, చూడు" అన్నాడు. మా వాడు చేయి గుంజుకోలేదు. చాలాసేపు అలాగే ఉంచాడు.

బండి మీద గీసుగొండ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఫోన్ నా చేతిలో పెట్టి, స్క్రీన్‌షాట్లు ఎట్లా తీయాలో నాకు రాదు బావా, నువ్వే తియ్ అన్నాడు. 18 వేలు కట్టలేదు. రాత్రి మా ఆవిడ, వాళ్ల ఇంటావిడ, నేను, వాడు కూర్చుని నోట్‌బుక్ తీశాం. ఇప్పటిదాకా రెండు పేజీలు నిండాయి, 2021 దసరా దగ్గర ఉన్నాం. టీచర్ గారూ, బుధవారం మీకు వీలవుతుందా?